అంకెతో పాటు దాన్ని ఎలా లెక్కించారో కూడా చెప్పండి: ప్రపంచ దేశాల ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల ఆరోగ్య మంత్రిత్వ శాఖలకు, జాతీయ గణాంక కార్యాలయాలకు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

కొవిడ్-19 వ్యాప్తిని 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2023 మే 5న ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది. ఆ మధ్యకాలమంతా దేశదేశాల కేసులను, మరణాలను, టీకాల లెక్కలను పక్కపక్కన పెట్టి చదవడం నాకు నిత్యకృత్యంగా ఉండేది. అంకెలకు ఎన్నడూ కొదవ రాలేదు. ఆ అంకె వెనుక ఏముందో, దేన్ని లెక్కపెట్టారో, ఎవరిని వదిలేశారో చెప్పే నాలుగు మాటలు మాత్రం చాలాసార్లు దొరకలేదు. మీ అందరినీ ఒక్కటే కోరుతున్నాను. ఇకపై ఏ అంటువ్యాధి విషయంలోనైనా మీరు ప్రకటించే ప్రతి సంఖ్యతో పాటు దాని నిర్వచనం, హారం (అంటే ఎంతమందిలో లెక్కించారన్న సంఖ్య), తేదీ, సవరణల చరిత్ర కూడా ప్రకటించండి. దీన్ని మీ మీ ఇష్టానికి వదిలేయకుండా, మీరంతా కలిసి ఒప్పుకున్న బాధ్యతగా మార్చండి.

ఇది ఇప్పుడే ఎందుకు అడగాలన్న ప్రశ్న రావచ్చు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు 2024 జూన్ 1న మీరు చేసిన సవరణలు 2025 సెప్టెంబరు 19న అమల్లోకి వచ్చాయి. మహమ్మారి ఒప్పందాన్ని 2025 మే 20న మీ సభ్యదేశాలన్నీ కలిసే ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. వ్యాధి చెలరేగుతున్నప్పుడు లెక్కల పద్ధతిపై ఒప్పందానికి రావడం ఎంత కష్టమో 2020లో అందరమూ చూశాం. నిబంధనలు రాసుకోవడానికి తీరిక దొరికేది ఇలాంటి సమయాల్లోనే.

కేసుల సంగతే ముందు చూడండి. 2020 ఫిబ్రవరి 12న చైనాలోని హుబెయ్ ప్రావిన్సులో ఒక్కరోజే 14,840 కొత్త కేసులు నమోదయ్యాయి. ఆ సంఖ్య బయటికి రాగానే వ్యాధి ఒక్కసారిగా విజృంభించిందేమోనని ప్రపంచమంతా ఉలిక్కిపడింది. నిజానికి వాటిలో 13,332 కేసులు ప్రయోగశాల పరీక్షలో తేలినవి కావు, లక్షణాలను, ఊపిరితిత్తుల స్కాన్లను చూసి వైద్యులు నిర్ధారించినవి. ఆ రోజు నుంచి వాటినీ లెక్కలో కలపడం మొదలైంది. నిర్వచనం మార్చడంలో తప్పు లేదు, పరీక్షలు చాలనప్పుడు అది వైద్యపరంగా సబబైన నిర్ణయమే. కానీ ఆ వివరణ చదవని ప్రతి పాఠకుడికీ, దాన్ని పక్కన చూపని ప్రతి గ్రాఫుకూ అది వ్యాధి వేసిన పెద్ద అంగలాగే కనిపించింది. తుర్కియే (టర్కీ)లో ఇదే మరో రూపంలో జరిగింది. 2020 జులై చివరి నుంచి అక్కడి ఆరోగ్య శాఖ లక్షణాలున్నవారిని మాత్రమే రోజువారీ లెక్కలో చూపుతూ వచ్చింది. నవంబరు 25న పాజిటివ్‌గా తేలిన అందరినీ చూపడం మొదలుపెట్టేసరికి, ముందురోజు 7 వేల చిల్లర ఉన్న సంఖ్య 28 వేలు దాటింది. ఆ నాలుగు నెలలపాటు తుర్కియే గీతను పక్కదేశాల గీతలతో పోల్చి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా, వారు పోల్చింది రెండు వేర్వేరు విషయాలను.

కేసుల సంఖ్య ఎప్పుడూ పరీక్షల సంఖ్య మీద ఆధారపడే ఉంటుంది. ఎన్ని పరీక్షలు చేశారో చెప్పకుండా ఎన్ని కేసులు వచ్చాయో చెబితే అది సగం సమాచారమే. ఆంక్షల సడలింపుకు ముందు కనీసం రెండు వారాలపాటు పాజిటివిటీ రేటు, అంటే పరీక్షల్లో పాజిటివ్‌గా తేలినవాటి వాటా, 5 శాతానికి లోపు ఉండాలని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కానీ ఆ రేటును లెక్కగట్టడానికే కొన్ని దేశాలు పరీక్షించిన మనుషులను లెక్కపెట్టాయి, కొన్ని చేసిన పరీక్షలను లెక్కపెట్టాయి. ఒకే మనిషికి మూడుసార్లు పరీక్ష చేస్తే మొదటి పద్ధతిలో అది ఒకటి, రెండో పద్ధతిలో మూడు. ఇళ్లలో చేసుకునే కిట్లు వచ్చాక పరిస్థితి ఇంకా మారింది. 2022 తర్వాత చాలా దేశాల్లో అధికారిక కేసుల గీత వ్యాధి ఎంత ఉందో చెప్పడం మానేసి, ఎవరు ఆసుపత్రి దాకా వచ్చారో మాత్రమే చెప్పసాగింది. అలాంటి చోట మురుగునీటిలో వైరస్ జాడలను వెతికే పరీక్షలే నమ్మదగిన సూచికలుగా మిగిలాయి.

మరణాల లెక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కేసు దాటిపోవచ్చు గానీ మరణం దాటిపోదని, కాబట్టి మరణాల సంఖ్య నికరమైనదని మొదట్లో చాలామంది అనుకున్నారు. 2020 ఆగస్టులో ఇంగ్లండ్‌లో పాజిటివ్‌గా తేలిన 28 రోజుల్లోపు చనిపోయినవారినే లెక్కించాలని నిర్ణయించినప్పుడు బ్రిటన్ మొత్తం నుంచి 5,377 మరణాలు తగ్గిపోయాయి. అంతకుముందు అక్కడ పరీక్షలో పాజిటివ్ వచ్చిన వ్యక్తి ఎన్ని నెలల తర్వాత ఏ కారణంతో చనిపోయినా ఆ ఖాతాలోకే వెళ్లేది. బెల్జియం ఇందుకు పూర్తిగా భిన్నమైన దారిలో నడిచింది. వృద్ధాశ్రమాల్లో పరీక్ష జరగకుండానే కొవిడ్ అనుమానంతో చనిపోయినవారిని సైతం ఆ దేశం లెక్కలో చేర్చింది. ఫలితంగా తొలి నెలల్లో జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోనే అత్యధిక మరణాలున్న దేశాల్లో ఒకటిగా పట్టికల పైవరుసలో నిలబడింది. ఎక్కువ నిజాయితీగా లెక్కపెట్టిన దేశం ఎక్కువ విఫలమైన దేశంగా కనిపించడం ఆ పట్టికల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసిన విషయం.

పెరూ చేసిన పని అందుకే నా దృష్టిలో గొప్పది. 2021 మే 31న ఆ దేశ ప్రభుత్వం తన అధికారిక మరణాల సంఖ్యను 69,342 నుంచి 1,80,764కు సవరించింది. పరీక్షలో తేలిన మరణాలకే పరిమితం కాకుండా, మరణ ధ్రువపత్రాలను, వైద్య రికార్డులను నిపుణుల బృందం పరిశీలించాక చేసిన సవరణ అది. ఒక్కరోజులో ఆ దేశం జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ మరణాలున్న దేశమైంది. పొరుగుదేశాల కన్నా పెరూ అంతగా దెబ్బతిన్నదా, లేక పొరుగుదేశాలు ఇంకా ఆ లెక్క వేయలేదా అన్నది ఆ పట్టిక చూసేవారికి తెలియదు. పెరూ పక్కన ఒక చిన్న వివరణ ఉంటే తెలిసేది. అన్ని దేశాల పక్కనా అలాంటి వివరణ ఉంటే ఇంకా బాగా తెలిసేది.

ఈ చిక్కులన్నిటినీ దాటే కొలమానం ఒకటుంది. ఏ కారణంతో చనిపోయారన్న చర్చ పక్కనపెట్టి, మామూలు సంవత్సరాల్లో ఎందరు చనిపోతారో, ఈ ఏడాది ఎందరు చనిపోయారో చూసి, తేడాను లెక్కగట్టడమే అది. అలా లెక్కవేసి 2020, 2021 సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు కోటీ 49 లక్షల అదనపు మరణాలు సంభవించాయని, వాస్తవ సంఖ్య కోటీ 33 లక్షలకూ కోటీ 66 లక్షలకూ మధ్య ఉండవచ్చని 2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అదే కాలానికి దేశాలు అధికారికంగా చెప్పిన కొవిడ్ మరణాలు 54 లక్షలు. ఆ అంచనాల్లో భారత్‌కు సంబంధించిన సంఖ్య 47 లక్షలు, ప్రభుత్వం ప్రకటించినది 4.81 లక్షలు. గణిత నమూనాలపై ఆధారపడిన ఆ పద్ధతిని భారత్ అధికారికంగా వ్యతిరేకించింది. ఆ వివాదంలో ఎవరి పక్షం వహించడానికీ నేను ఈ లేఖ రాయడం లేదు. కానీ నమూనా మీద అభ్యంతరం ఉన్నప్పుడు దానికి తిరుగులేని జవాబు, నెలవారీ మరణ నమోదు వివరాలను జిల్లాల వారీగా, వయసుల వారీగా వెంటనే ప్రజల ముందుంచడమే. 2021 సంవత్సరపు పౌర నమోదు (జనన మరణాల నమోదు) గణాంకాలు భారత్‌లో వెలువడింది 2025 మేలో. నాలుగేళ్ల ఆలస్యం మిగిల్చిన ఖాళీనే ఆ అంచనాలు పూరించాయి.

ఇది ఒక్క దేశపు సమస్య కూడా కాదు. ప్రపంచంలో ప్రతి పది మరణాల్లో నాలుగు ఎక్కడా నమోదు కావడం లేదని, ఆఫ్రికా ప్రాంతంలోనైతే పదింటిలో ఒక్కటే నమోదవుతోందని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. మరణాన్ని నమోదు చేసే వ్యవస్థే లేనిచోట మహమ్మారి మరణాలను లెక్కపెట్టమనడం అన్యాయం. అందువల్ల ధనిక దేశాలను ప్రత్యేకంగా కోరుతున్నాను. వ్యాధి నిఘాకు మీరిచ్చే సాయంలో కొంత భాగాన్ని పౌర నమోదు కార్యాలయాలకు, వాటిలో పనిచేసే గుమాస్తాలకు, వారి శిక్షణకు కేటాయించండి. ప్రయోగశాలలకు దొరికే నిధులు, రిజిస్టరు పుస్తకాలకు ఇప్పటిదాకా దొరకలేదు.

లెక్కలు పంపే యంత్రాంగం ఎంత బలహీనంగా ఉంటే ఏమవుతుందో సంపన్న దేశమైన ఇంగ్లండే చూపించింది. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు అక్కడ 15,841 పాజిటివ్ కేసులు జాతీయ లెక్కలోకి రాలేదు. ప్రయోగశాలలు పంపిన ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించేవారు. ఆ రకం ఫైలులో ఒక పట్టికకు 65,536 వరుసలే పడతాయి. ఒక్కో పరీక్ష ఫలితానికి అనేక వరుసలు కావలసి రావడంతో ఒక్కో ఫైలు దాదాపు 1,400 కేసులకే నిండిపోయింది. ఆ తర్వాతివి ఏ హెచ్చరికా లేకుండా రాలిపోయాయి. పాజిటివ్ వచ్చిన వ్యక్తులకు ఫలితం అందింది గానీ, వారితో కలిసిమెలిసి తిరిగినవారిని వెతికే సిబ్బందికి ఆ పేర్లు చేరలేదు. వారం రోజుల ఆలస్యం అంటే అంటువ్యాధిలో ఒక తరం సంక్రమణ దాటిపోయినట్టే. అక్కడ వ్యాధి గీత ఆ వారం చదునుగా కనిపించి, తర్వాత ఒక్కసారిగా లేచింది. ఇలాంటి పొరపాటు ఏ దేశంలోనైనా జరగవచ్చు. ఆ విషయాన్ని రోజుల్లోనే బహిరంగంగా ఒప్పుకొని, దాటిపోయిన కేసులు ఏ తేదీలవో విడమరచి ప్రకటించడం మాత్రం అన్ని దేశాల్లో జరగదు.

ఇక టీకాల లెక్క. 2020 డిసెంబరులో టీకాలు మొదలైన దగ్గర్నుంచి ప్రతి దేశం శాతాలు ప్రకటించింది. శాతానికి లవం, హారం రెండూ ఉంటాయి. ఆ రెండూ దేశానికో రకంగా ఉన్నాయి. కొన్ని మొత్తం జనాభాను హారంగా తీసుకున్నాయి, కొన్ని వయోజనులను, కొన్ని 12 ఏళ్లు దాటినవారిని. వయోజనుల్లో 80 శాతం అన్న దేశమూ, మొత్తం జనాభాలో 65 శాతం అన్న దేశమూ నిజానికి ఒకే స్థితిలో ఉండవచ్చు. పట్టికలో మాత్రం వాటి మధ్య 15 శాతం పాయింట్ల తేడా కనిపిస్తుంది. జిబ్రాల్టర్‌లో టీకా వేసుకున్నవారు నూరు శాతం దాటారు, కారణం స్పెయిన్ నుంచి రోజూ సరిహద్దు దాటివచ్చి పనిచేసేవారికీ అక్కడే టీకాలు వేయడం. అమెరికాలో రెండో డోసును, బూస్టరును మొదటి డోసుగా నమోదు చేసిన సందర్భాలు పెరిగి కొన్ని వయోవర్గాల శాతాలు నమ్మశక్యం కానంత ఎత్తుకు చేరడంతో, 2021 డిసెంబరులో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం తన పట్టికల్లో 95 శాతానికి మించి చూపకుండా పరిమితి విధించింది. పూర్తి టీకా అంటే ఏమిటన్నదీ అప్పట్లో స్థిరంగా లేదు. జాన్సన్ అండ్ జాన్సన్ టీకాకు ఒక్క డోసు సరిపోయేది, ఫ్రాన్స్‌లో అప్పటికే వ్యాధి వచ్చి తగ్గినవారికి ఏ టీకా అయినా ఒక్క డోసు సరిపోయేది, మిగతా చాలాచోట్ల రెండు కావలసివచ్చేవి.

వయసుల వారీగా విడదీయని శాతం ఎంత దారి తప్పించగలదో ఇజ్రాయెల్ గణాంకాల్లో చూడవచ్చు. 2021 ఆగస్టు మధ్యలో అక్కడి ఆసుపత్రుల్లో విషమ స్థితిలో ఉన్న 515 మందిలో 301 మంది రెండు డోసులూ వేసుకున్నవారే. టీకా పనిచేయడం లేదనడానికి ఆ ఒక్క ముక్కను ప్రపంచమంతా తిప్పారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ జీవగణాంక శాస్త్రజ్ఞుడు జెఫ్రీ మోరిస్ అవే అంకెలను వయసుల వారీగా విడదీశారు. అందరినీ కలిపి లెక్కిస్తే విషమ వ్యాధి నుంచి టీకా ఇచ్చిన రక్షణ 67.5 శాతమే. కానీ 50 ఏళ్లలోపు వారిని విడిగా చూస్తే అది 91.8 శాతం, 50 దాటినవారిని విడిగా చూస్తే 85.2 శాతం. రెండు వర్గాల్లోనూ ఎక్కువగా ఉన్న రక్షణ, రెండింటినీ కలిపేసరికి తగ్గినట్టు కనిపించింది. పెద్దవయసువారు దాదాపు అందరూ టీకా వేసుకున్నారు, విషమ వ్యాధి ముప్పు ఎక్కువగా ఉన్నదీ వారికే. టీకా వేసుకోనివారిలో ఎక్కువమంది చిన్నవయసువారు, వారు టీకా లేకపోయినా ఆసుపత్రి దాకా రావడం అరుదు. ఇజ్రాయెల్ ఆరోగ్య శాఖ వయసుల వారీ వివరాలను బహిరంగంగా ఉంచబట్టే ఆ అపోహను ఎవరైనా అవే అంకెలతో తిప్పికొట్టగలిగారు. అలాంటి వివరాలు ఇవ్వని దేశాల్లో అపోహకు ఎదురు నిలిచే ఆధారమే లేకపోయింది.

పంపిణీ లెక్కలకు కూడా ఇదే వర్తిస్తుంది. 2021 ముగిసేలోగా ప్రతి దేశంలో 40 శాతం మందికి టీకా అందాలన్న లక్ష్యాన్ని 194 సభ్యదేశాల్లో 92 దేశాలు అందుకోలేకపోయాయి. టీకాలు అన్ని దేశాలకూ అందేలా అంతర్జాతీయ సంస్థలు నడిపిన కోవాక్స్ కార్యక్రమం 2023 డిసెంబరు 31న ముగిసేనాటికి 146 దేశాలకు, ప్రాంతాలకు దాదాపు 200 కోట్ల డోసులు చేర్చింది. చేరిన డోసు వేరు, వేసిన డోసు వేరు. గడువు తీరడానికి కొద్ది వారాల ముందు వచ్చిన డోసుల్లో వేయలేక మిగిలిన 19,610 డోసులను మలావీ 2021 మే 19న బహిరంగంగా కాల్చివేసింది. అది చూసి కొందరు మలావీని తప్పుపట్టారు. పంపినవారు గడువు తేదీతో సహా పంపిణీ లెక్క ప్రకటించి ఉంటే, ఆ తప్పులో ఎవరి వాటా ఎంతో అందరికీ తెలిసేది. దాతలుగా ఉన్న దేశాలు ఇకపై ఎన్ని డోసులిచ్చామో చెప్పేటప్పుడు, అవి చేరిన రోజుకు వాటి గడువు ఎన్ని వారాలుందో కూడా చెప్పాలి.

లెక్కలు చెప్పడం మానేసిన దేశాల విషయం క్లుప్తంగా ప్రస్తావిస్తాను, చెప్పని అంకె గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. టాంజానియా 2020 మేలో 509 కేసుల దగ్గర ఆగిపోయి, మళ్లీ వివరాలివ్వడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ కాలమంతా ప్రపంచ పటాలు ఆ దేశాన్ని దాదాపు వ్యాధి లేని రంగులో చూపించాయి. 2022 డిసెంబరు 25న చైనా జాతీయ ఆరోగ్య కమిషన్ రోజువారీ సంఖ్యలను ఆపేసింది. ఆ దేశంలో అతిపెద్ద కెరటం నడిచిన రోజులవి. డిసెంబరు 8 నుంచి జనవరి 12 వరకు ఆసుపత్రుల్లో 59,938 మంది చనిపోయారని 2023 జనవరి 14న ఒక్కసారిగా ప్రకటించారు. సమాచారం లేకపోవడాన్ని సున్నాగా చూపకూడదని అన్ని దేశాలూ, అన్ని సంస్థలూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

అయితే దాచినవారిని నిందించే ముందు, చెప్పినవారికి ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. 2021 నవంబరు 24న కొత్త రకం వైరస్ గురించి దక్షిణాఫ్రికా ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది. 26న దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. ఆ పేరు జనం నోళ్లలో నానేలోపే దక్షిణాఫ్రికా, దాని పొరుగుదేశాల నుంచి విమానాలను ఒకదాని తర్వాత ఒకటిగా దేశాలు నిషేధించాయి. వారి ప్రయోగశాలలు చురుగ్గా పనిచేశాయి కాబట్టి ప్రపంచానికి వారాల ముందు హెచ్చరిక అందింది. దానికి ప్రతిఫలంగా వారికి ఆర్థిక నష్టం మిగిలింది. ఈ అనుభవం చూసిన మరో దేశపు అధికారి రేపు ఫోను ఎత్తడానికి సంకోచిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. అత్యవసర పరిస్థితికి దారితీయగల సంఘటనను అంచనా వేసిన 24 గంటల్లోగా తెలియజేయాలని మీ నిబంధనలు చెబుతున్నాయి. అలా తెలియజేసిన దేశంపై శాస్త్రీయ ఆధారం లేకుండా ప్రయాణ ఆంక్షలు పెట్టినవారు దానికి కారణం వివరించడంతోనే సరిపెట్టుకోకుండా, నష్టంలో భాగం పంచుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

మీ పనిని మూడేళ్లపాటు ఇతరులు చేశారన్నదీ మీరు గమనించాలి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో లారెన్ గార్డ్‌నర్ బృందం 2020 జనవరి 22న ప్రారంభించిన, దేశాల కొవిడ్ లెక్కలను ఒకేచోట చూపే డాష్‌బోర్డును ప్రభుత్వాధినేతల కార్యాలయాలు సైతం చూసేవి. 2023 మార్చి 10న అది ఆగిపోయింది. అమెరికాలో రాష్ట్రాల లెక్కలను స్వచ్ఛంద కార్యకర్తలు ఏడాదిపాటు సేకరించి 2021 మార్చి 7న ముగించారు. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా నడిచే అవర్ వరల్డ్ ఇన్ డేటా బృందం టీకాల లెక్కలను దేశాల పత్రికా ప్రకటనల నుంచి, సామాజిక మాధ్యమాల పోస్టుల నుంచి ఏరి పట్టికలో చేర్చింది. మంత్రి పోస్టు చేసిన బొమ్మలోని అంకెను ఎవరో చదివి, చేత్తో టైపు చేస్తే తప్ప ఆ దేశపు టీకాల ప్రగతి ప్రపంచానికి తెలియని పరిస్థితి అది. ఒక పట్టికను బొమ్మగా కాక, కంప్యూటరు నేరుగా చదవగల సాధారణ ఫైలుగా పెట్టడానికి అదనపు ఖర్చంటూ ఏమీ లేదు.

ఆ ఫైలులో ఏముండాలో చెప్పి ముగిస్తాను. ప్రతి వరుసకూ రెండు తేదీలుండాలి: సంఘటన జరిగిన తేదీ, దాన్ని ప్రకటించిన తేదీ. ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఆదివారం వ్యాధి తగ్గినట్టు, మంగళవారం పెరిగినట్టు కనిపించేది, దాన్ని సరిచేయడానికి అందరూ ఏడు రోజుల సగటును ఆశ్రయించేది. కేసు, మరణం, పూర్తి టీకా అన్న మాటలను ఆ రోజుకు ఆ దేశం ఏ అర్థంలో వాడుతోందో అదే ఫైలులో ఉండాలి. శాతం ఇచ్చినచోట లవమూ హారమూ వయసుల వారీగా ఉండాలి. సవరించినప్పుడు పాత సంఖ్యను చెరిపేయకుండా, కొత్తదాని పక్కన కారణంతో సహా ఉంచాలి. అన్ని కారణాల మరణాల నెలవారీ సంఖ్య, అసంపూర్ణంగానైనా, మూడు నెలల్లోగా వెలువడాలి. 2024 ఆగస్టు 14న మంకీపాక్స్‌ను మళ్లీ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించినప్పుడు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో అనుమానిత కేసులకూ, పరీక్షలో నిర్ధారించిన కేసులకూ మధ్య పెద్ద అంతరం కనిపించింది. ఏ వార్తలో ఏ సంఖ్య వాడారో తెలియక పాఠకులు మళ్లీ అదే అయోమయంలో పడ్డారు. అంటే కొవిడ్ పాఠం ఇంకా ఏ నిబంధనలోకీ ఎక్కలేదు.

ఈ నమూనాను ఫ్లూకు, తట్టుకు ఇప్పటికే మీరు ప్రకటించే పట్టికల్లో ఈ ఏడాదే అమలు చేసి చూడవచ్చు. రాబోయే ప్రపంచ ఆరోగ్య సభ చర్చాంశాల్లో దీన్ని చేర్చమని ప్రతిపాదించడానికి ఒక్క సభ్యదేశం ముందుకు వచ్చినా చాలు. అప్పటిదాకా ఎవరి అనుమతీ అక్కరలేని పని ఒకటుంది. 2020 నుంచి 2023 వరకు మీరు ప్రచురించిన రోజువారీ ప్రకటనలు, పట్టికలు, వాటి సవరణలు మీ వెబ్‌సైట్లను పునర్నిర్మించినప్పుడల్లా కొన్ని చొప్పున కనుమరుగవుతున్నాయి. వాటిని తొలగించడం వెంటనే ఆపించి, ఉన్నవన్నీ ఒకచోట చేర్చి, శాశ్వత చిరునామాతో అందుబాటులో ఉంచమని మీ మీ శాఖలకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఈ గణాంకాలను మొదటినుంచీ అనుసరిస్తున్న ఒక పాఠకుడు